షెల్ స్క్రిప్టును కంపైల్ చేస్తే రహస్యం దాగుతుందా?

అమెరికాలో పగలు జరిగిన లావాదేవీల లెక్క తేలేది చాలావరకు రాత్రిపూటే. బ్యాంకు చెక్కులు, ఇన్సూరెన్స్ క్లెయిములు, మందుల షాపుల బిల్లులు, కంపెనీల జీతాల ఫైళ్లు అర్ధరాత్రి దాటాక ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు వెళతాయి. డేటాబేసులకు బ్యాకప్ జరుగుతుంది. తెల్లవారేసరికి రిపోర్టులు మేనేజర్ల మెయిల్లో ఉంటాయి. ఈ పనుల వెనక చాలాచోట్ల ఉండేవి షెల్ స్క్రిప్టులు. పది లైన్లో, యాభై లైన్లో, ఒక్కోసారి వెయ్యి లైన్లో ఉండే మామూలు టెక్స్ట్ ఫైళ్లు అవి. నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను, లినక్స్ అడ్మినిస్ట్రేటర్‌ని. "ఇంతకీ నువ్వు చేసే పనేంటే?" అని తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో అడిగితే "కంప్యూటర్లకు నైట్ డ్యూటీ వేయడం" అని చెబుతాను.

ఈ మధ్య మా టీములో వరంగల్ కుర్రాడొకడు చేరాడు. ఇక్కడే మాస్టర్స్ చదివి, చదువయ్యాక దొరికే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగానికి వచ్చినవాడు, చురుకైనవాడు. ఒకరోజు తను రాసిన బ్యాకప్ స్క్రిప్టు చూపిస్తూ అడిగాడు.

"అక్కా, ఇందులో డేటాబేస్ పాస్‌వర్డ్ రాయాల్సి వచ్చింది. ఎస్‌హెచ్‌సీ పెట్టి కంపైల్ చేసేస్తే ఇంకెవరికీ కనబడదు కదా?"

ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను. హైదరాబాద్ నుంచి రాత్రి షిఫ్టులో సపోర్ట్ ఇచ్చే పిల్లలు అడుగుతారు. కాంట్రాక్టు మీద క్లయింటు దగ్గర పనిచేసేవాళ్లు అడుగుతారు. ఆ వరంగల్ అబ్బాయికి చెప్పిన జవాబునే, కంప్యూటర్ పని తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముర్రే హిల్‌లో పుట్టిన షెల్

మేముండే ఎడిసన్ నుంచి అరగంట కారు ప్రయాణంలో ముర్రే హిల్ ఉంది. బెల్ ల్యాబ్స్ అక్కడే. 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టింది ఆ ఆవరణలోనే. మనిషి టైపు చేసిన ఆదేశాన్ని చదివి, యంత్రం చేత ఆ పని చేయించే ప్రోగ్రాం ఒకటి కావాలి. దాని పేరే షెల్. యూనిక్స్‌కు మొదటి షెల్‌ను 1971లో థాంప్సన్ రాశాడు. ఒక ప్రోగ్రాం ఫలితాన్ని ఇంకో ప్రోగ్రాంలోకి నేరుగా పంపే పైపు పద్ధతి డగ్ మెకిల్‌రాయ్ ఆలోచన. అది 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. 1979లో వచ్చిన ఏడో వెర్షన్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్ చేరింది. ఈ రోజుకీ మనం రాసే స్క్రిప్టుల వ్యాకరణం దాదాపుగా ఆ బోర్న్ షెల్‌దే.

ఇప్పుడు లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనబడేది బాష్. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ 1989లో దాన్ని విడుదల చేశాడు. ఆ తర్వాత బాధ్యత తీసుకున్న చెట్ రామీ, ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో పనిచేస్తూ దశాబ్దాలుగా దాన్ని కాపాడుకుంటూ వచ్చాడు. ప్రపంచంలోని ఇన్ని బ్యాంకులు, ఇన్ని టెలికాం కంపెనీలు ఆధారపడే సాఫ్ట్‌వేర్ మీద ఒక్క మనిషి ఇంత శ్రద్ధ పెట్టాడంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

రోజూ టైపు చేసే ఆదేశాలనే వరుసగా ఒక ఫైలులో రాసి పెడితే అది షెల్ స్క్రిప్టు. మొదటి లైనులో #! గుర్తు, దాని పక్కన షెల్ ఎక్కడుందో ఆ చిరునామా ఉంటాయి. ఆ లైను చూసి ఆపరేటింగ్ సిస్టమ్ బాష్‌ను పిలుస్తుంది. బాష్ మొదటి నుంచి చివరి దాకా ఒక్కో ఆదేశం చదువుతూ, చదివింది చదివినట్టు అమలుచేస్తుంది. ఫైలు తెరిచిన ఎవరైనా అందులో ఏముందో చదువుకోవచ్చు. స్క్రిప్టు బలం అదే. అందులో పాస్‌వర్డ్ రాస్తే వచ్చే ప్రమాదమూ అదే.

కంపైల్ చేయడం అంటే

యంత్రానికి అర్థమయ్యేది ప్రాసెసర్ ఆదేశాలు ఒక్కటే. మనిషి రాసిన ప్రోగ్రాంను ఆ ఆదేశాల్లోకి మార్చే పనిని కంపైలర్ చేస్తుంది. గ్రేస్ హాపర్ 1952లో రెమింగ్టన్ ర్యాండ్‌లో ఉండగా తయారుచేసిన ఏ-జీరోను ఈ దారిలో తొలి అడుగుగా చెప్పుకుంటారు. జాన్ బాకస్ బృందం ఐబీఎమ్‌లో తయారుచేసిన ఫోర్ట్రాన్ కంపైలర్ 1957లో వచ్చింది. సీ భాషలో రాసిన ప్రోగ్రాంను కంపైల్ చేస్తే చేతికొచ్చే బైనరీ ఫైలు నేరుగా ప్రాసెసర్ మీద నడుస్తుంది. అది నడవడానికి మళ్లీ సీ కంపైలర్ అక్కర్లేదు. తెరిచి చూస్తే మనిషి చదవగలిగే లైన్లు ఉండవు.

షెల్ స్క్రిప్టు అలా తయారైంది కాదు. అది నడిచినంతసేపూ బాష్ పక్కనే ఉండాలి. కాబట్టి స్క్రిప్టును కంపైల్ చేస్తానని ఏ టూల్ అయినా చెబితే, అది లోపల ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

ఎస్‌హెచ్‌సీ లోపల జరిగేది

ఈ పనికి అందరికీ తెలిసిన కమాండ్‌లైన్ టూల్ ఎస్‌హెచ్‌సీ. రాసినవాడు మాడ్రిడ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీకి చెందిన ఫ్రాన్సిస్కో రొసాలెస్. కాపీరైట్ లైనులో కనబడే మొదటి సంవత్సరం 1994. ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటుంది.

ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ సర్వర్ మీద చేసి చూపించాను. ముందు బ్యాకప్.ఎస్‌హెచ్ అనే చిన్న స్క్రిప్టు రాశాం. మొదటి లైనులో షెల్ చిరునామా. రెండో లైనులో ఉత్తుత్తి పాస్‌వర్డ్ ఒకటి. మూడో లైనులో "మొదలైంది" అని తెర మీద చూపించే ఎకో ఆదేశం. నాలుగో లైనులో ఐదు నిమిషాలు ఆగమనే స్లీప్ ఆదేశం. చివర్లో "అయిపోయింది" అనే ఇంకో ఎకో. తర్వాత ఎస్‌హెచ్‌సీ అని కొట్టి, హైఫన్ ఎఫ్ ఆప్షన్ ఇచ్చి, ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కాం. క్షణంలో పక్కన రెండు కొత్త ఫైళ్లు వచ్చాయి. ఒకదాని పేరు చివర .ఎక్స్.సీ ఉంది, రెండోదాని చివర .ఎక్స్ ఉంది.

మొదటిది సీ ప్రోగ్రాం. దాన్ని ఎడిటర్‌లో తెరిచి చూడమన్నాను. పైభాగమంతా బ్యాక్‌స్లాష్‌లు, అంకెలు. పేజీలకు పేజీలు అవే. మనం రాసిన ఐదు లైన్లూ ఆ అంకెల్లో ఎక్కడో ఉన్నాయి, కానీ ఆర్‌సీ4 అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. మధ్యమధ్య పనికిరాని బైట్లు కలిపి ఉన్నాయి. కిందిభాగంలో ఆ అంకెలను తిరిగి విప్పే సీ కోడ్ ఉంది. ఎస్‌హెచ్‌సీ ఈ ఫైలును సీ కంపైలర్‌కు ఇచ్చి తయారుచేయించిన బైనరీయే రెండో ఫైలు.

రెండో ఫైలులో చదవగలిగిన పదాలేమైనా ఉన్నాయా అని స్ట్రింగ్స్ ఆదేశంతో వెతికాడు. పాస్‌వర్డ్ దొరకలేదు. వాడి ముఖం వెలిగింది.

"చూశారా అక్కా, లేదు!"

"ఆగు, ఇప్పుడు దాన్ని నడిపి, ఇంకో విండోలో వేరే యూజర్‌గా లాగిన్ అవ్వు" అన్నాను.

తాళంచెవి గడియకే వేలాడుతోంది

ఆ బైనరీ నడవడం మొదలుపెట్టగానే చేసేది ఇదీ. తనలో ఉన్న అంకెలను మెమరీలో విప్పుతుంది. మనం రాసిన అసలు స్క్రిప్టు అక్షరం పొల్లు పోకుండా బయటికి వస్తుంది. తర్వాత మామూలు బాష్‌నే పిలిచి, హైఫన్ సీ ఆప్షన్‌తో ఆ స్క్రిప్టు మొత్తాన్ని దాని చేతికి ఇస్తుంది. అంటే స్క్రిప్టు ప్రాసెసర్ భాషలోకి మారనే లేదు. దాచినదాన్ని విప్పి, ఎప్పటిలాగే బాష్‌కు చదివి వినిపించడం ఒక్కటే జరిగింది.

లినక్స్‌లో నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కూ ప్రాక్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో సీఎమ్‌డీలైన్ అనే ఫైలు ఉంటుంది. ఆ ప్రాసెస్‌ను ఏ ఆదేశంతో, ఏ వివరాలతో మొదలుపెట్టారో అందులో ఉంటుంది. ప్రత్యేకంగా కట్టడి చేయకపోతే ఆ సర్వర్ మీద లాగిన్ ఉన్న ఏ యూజరైనా దాన్ని చదవచ్చు. ఆ ఐదు నిమిషాల స్లీప్ అందుకే పెట్టించాను. వాడు ఇంకో విండోలోంచి ఆ ఫైలు తెరిచాడు. ముందు తెర నిండా ఖాళీ. స్క్రోల్ చేసుకుంటూ కిందికి వెళితే మా ఐదు లైన్లూ ఉన్నాయి. రెండో లైనులో పాస్‌వర్డ్ చెక్కుచెదరకుండా ఉంది. వాడేం మాట్లాడలేదు.

ఆ ఖాళీకీ ఒక కారణం ఉంది. స్క్రిప్టుకు ముందు ఎస్‌హెచ్‌సీ 4096 స్పేసులు చేరుస్తుంది. ఒకప్పుడు లినక్స్ కెర్నెల్ ఈ ఫైలులో 4096 బైట్లకు మించి చూపించేది కాదు. కాబట్టి ఆ స్పేసులే కనబడి అసలు సరుకు కనబడేది కాదు. 2015లో వచ్చిన 4.2 కెర్నెల్‌తో ఆ హద్దు పోయింది. దాచే ఉపాయం ఇంకా అలాగే ఉంది, దాచే శక్తి మాత్రం పోయింది.

ఇలా చూడకుండా ఆపినా లాభం లేదు. ఎన్‌క్రిప్షన్ విప్పడానికి 256 బైట్ల తాళంచెవి కావాలి. అది బైనరీ నడిచే ప్రతిసారీ అందుబాటులో ఉండాలి కాబట్టి ఎస్‌హెచ్‌సీ దాన్ని అదే బైనరీలో పెడుతుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవిని అదే గడియకు వేలాడదీసి ఊరెళ్లినట్టన్నమాట. దారిన పోయేవాడు పట్టించుకోకపోవచ్చు. లోపలికి రావాలనే వచ్చినవాడికి అది అడ్డం కాదు. ఇలాంటి బైనరీల నుంచి అసలు స్క్రిప్టును తిరిగి రాబట్టే టూళ్లు కూడా చాలాకాలంగా ఉన్నాయి.

ఆర్‌సీ4 సంగతి కూడా చెప్పాలి. ఎమ్ఐటీ ప్రొఫెసర్ రాన్ రివెస్ట్ 1987లో దాన్ని తయారుచేశాడు. వ్యాపార రహస్యంగా ఉంచిన ఆ పద్ధతి 1994లో బయటపడింది. ఆ తర్వాత దానిలో లోపాలు ఒక్కొక్కటే తేలాయి. వెబ్‌సైట్ల భద్రతకు వాడే టీఎల్ఎస్‌లో దాన్ని వాడకూడదని 2015లో ప్రమాణం వచ్చింది. అయితే ఎస్‌హెచ్‌సీలో ఆర్‌సీ4 స్థానంలో ఈనాటి అత్యుత్తమ ఎన్‌క్రిప్షన్ పెట్టినా తాళంచెవి లోపలే ఉన్నంతకాలం ఫలితం మారదు.

వేగం పెరగదు, బాష్ అక్కర పోదు

కంపైల్ చేస్తే స్క్రిప్టు వేగంగా నడుస్తుందని ఇంకో నమ్మకం ఉంది. ఎన్‌క్రిప్షన్ విప్పాలి, తర్వాత బాష్‌ను పిలవాలి, ఆ తర్వాత బాష్ ఎప్పటిలాగే చదవాలి. పని పెరిగిందే తప్ప తగ్గలేదు.

బాష్ లేని యంత్రం మీద ఆ బైనరీ నడవదు. స్క్రిప్టులో వాడిన ఇతర ఆదేశాలు ఆ యంత్రంలో లేకపోయినా అంతే. స్క్రిప్టు మొత్తాన్ని ఒకే ఆర్గ్యుమెంట్‌గా బాష్‌కు ఇస్తుంది కాబట్టి సైజుకూ హద్దు ఉంది. లినక్స్‌లో ఒక ఆర్గ్యుమెంట్ 128 కిలోబైట్లు దాటకూడదు. మామూలు ఫైలుగా చక్కగా నడిచే పెద్ద ఇన్‌స్టాలర్ స్క్రిప్టు కంపైల్ చేశాక మొండికేసేది ఈ కారణంగానే.

బాష్‌లో లోపముంటే ఆ లోపం కంపైల్ చేసిన స్క్రిప్టుకూ ఉంటుంది. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. స్టెఫాన్ షజెలాస్ కనిపెట్టిన ఆ తప్పు 1989 నుంచీ బాష్‌లో ఉన్నదే. ప్రపంచమంతా హడావిడిగా బాష్‌ను అప్‌డేట్ చేయాల్సి వచ్చింది. అప్పుడు కంపైల్ చేసిన స్క్రిప్టులకు ఇంకో చిక్కు. రిలాక్స్ అనే ఆప్షన్ ఇవ్వకుండా కంపైల్ చేస్తే, ఎస్‌హెచ్‌సీ ఆ యంత్రంలోని బాష్ ఫైలు సైజు, తేదీలు, ఐనోడ్ నంబరు లాంటి వివరాలను కూడా తాళంలో కలుపుతుంది. బైనరీని ఇంకో యంత్రం మీదకు కాపీ చేసి వాడుకోకుండా అదొక కట్టడి. కానీ భద్రత కోసం బాష్‌ను అప్‌డేట్ చేసినా ఆ వివరాలు మారిపోతాయి. నిన్నటిదాకా నడిచిన బైనరీ ఇవాళ సొంత యంత్రం మీదే నడవనంటుంది. అప్పుడు అసలు స్క్రిప్టు మన దగ్గర ఉంటే రెండు నిమిషాల పని. లేకపోతే ఆ రాత్రికి నిద్ర ఉండదు.

గడువు తీరిన రాత్రి

అలాంటి రాత్రి ఒకటి నాకూ ఎదురైంది. ఇంకో పద్ధతిలో. ఎస్‌హెచ్‌సీలో హైఫన్ ఈ ఆప్షన్‌తో గడువు తేదీ పెట్టవచ్చు. రోజు, నెల, సంవత్సరం రాస్తే చాలు. ఆ తేదీ దాటాక బైనరీ నడవదు. "మీకు దీన్ని ఇచ్చినవారిని సంప్రదించండి" అనే అర్థం వచ్చే సందేశం చూపి ఆగిపోతుంది.

నేను అప్పట్లో పనిచేసిన చోట, రాత్రి ఫైళ్లను బయటి సంస్థకు పంపే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఎప్పుడో ఒక కాంట్రాక్టర్ రాసి ఇచ్చి వెళ్లాడు. ఏళ్ల తరబడి నడిచింది, అందుకే ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఒక రాత్రి ఆ సందేశం చూపి ఆగిపోయింది. సంప్రదించడానికి మనిషి లేడు. సోర్స్ ఎక్కడా దొరకలేదు. తెల్లవారేలోగా ఫైళ్లు వెళ్లకపోతే వేలమందికి రావాల్సిన డబ్బు ఆలస్యమవుతుంది.

గడువును ఎస్‌హెచ్‌సీ ఆ యంత్రం గడియారంతోనే పోల్చుకుంటుంది. ఆ బైనరీ రిలాక్స్ ఆప్షన్‌తో చేసింది కావడంతో ఇంకో యంత్రం మీదా నడుస్తుంది. కాబట్టి విడిగా ఒక టెస్ట్ యంత్రం మీద తేదీని వెనక్కి జరిపి, బైనరీని నడిపి, ప్రాక్ డైరెక్టరీలోంచి స్క్రిప్టును బయటికి తీశాం. అందులో రహస్యమంటూ ఏమీ లేదు. ఫైళ్లు వెతకడం, జిప్ చేయడం, పంపడం. దాంతోపాటు ఒక పాస్‌వర్డ్, అదీ మార్చి ఎన్నో ఏళ్లయిన పాస్‌వర్డ్. ఫైళ్లు సమయానికి వెళ్లాయి. పాస్‌వర్డ్ ఆ ఉదయమే మార్పించాం. ఆ తర్వాత కంపైల్ చేసిన స్క్రిప్టు ఏది కనబడినా, దాని సోర్స్ ఎక్కడుందన్నదే నా మొదటి ప్రశ్న.

చదవలేని ప్రోగ్రాంను నమ్మడం

భద్రత కోసం కంపైల్ చేస్తున్నామనుకునేవాళ్లు రెండో వైపు కూడా చూడాలి. చదవలేని ఫైలు అడ్మినిస్ట్రేటర్‌కు కూడా చదవలేని ఫైలే. 2023 జనవరిలో దక్షిణ కొరియా భద్రతా సంస్థ ఆన్‌ల్యాబ్ ఒక నివేదిక ఇచ్చింది. లినక్స్ సర్వర్లలోకి చొరబడి క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రాంలను పెట్టినవాళ్లు తమ స్క్రిప్టులను ఎస్‌హెచ్‌సీతోనే కంపైల్ చేశారని అందులో ఉంది. తనిఖీ చేసేవాళ్ల కంట పడకూడదన్నదే వాళ్ల ఉద్దేశం. అందుకే కొన్ని భద్రతా సాఫ్ట్‌వేర్లు ఎస్‌హెచ్‌సీ బైనరీ కనబడగానే అనుమానిస్తాయి. మనం మంచి ఉద్దేశంతో చేసిన బైనరీ కూడా అలారం మోగిస్తుంది.

యూనిక్స్ మొదటి షెల్ రాసిన థాంప్సనే ఈ సంగతిని ఎంతో ముందు హెచ్చరించాడు. రిచీతో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పుడు ఆయన చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. కంపైలర్‌లోనే దొంగదారి దాచిపెడితే, సోర్స్ కోడ్ ఎంత శ్రద్ధగా చదివినా దాన్ని పట్టుకోలేమని అందులో ఉదాహరణతో చూపించాడు. సోర్స్ చదివినా పూర్తి భరోసా దొరకదని అంత పెద్ద మనిషి చెప్పాడు. సోర్స్ లేని బైనరీని, అదీ సర్వర్ మీద ఏదైనా చేయగల రూట్ అధికారంతో, రాత్రంతా నడవనిస్తే ఇంకేం భరోసా ఉంటుంది?

ఎక్కడ వాడవచ్చు

ఎస్‌హెచ్‌సీ చెడ్డ టూల్ అనడం న్యాయం కాదు. దాన్ని రాసినవాళ్లు అది ఛేదించలేని కోట అని ఎక్కడా చెప్పలేదు. స్క్రిప్టును సులువుగా చదవకుండా, మార్చకుండా చేయడమే దాని పని. ఆపరేషన్స్ గదిలో ఎవరో పొరపాటున ప్రొడక్షన్ స్క్రిప్టును ఎడిట్ చేయకుండా ఉండాలంటే పనికొస్తుంది. కస్టమర్‌కు డెమో ఇచ్చి, నెల తర్వాత అది ఆగిపోవాలంటే గడువు ఆప్షన్ పనికొస్తుంది. అయితే రెండు షరతులు. అసలు స్క్రిప్టు మన దగ్గర భద్రంగా ఉండాలి. బయటపడితే నష్టం కలిగించేది ఏదీ అందులో ఉండకూడదు. లెక్కల పద్ధతిని, వ్యాపార రహస్యాన్ని నిజంగానే దాచాలంటే ఆ భాగాన్ని సీలోనో, గో భాషలోనో రాసి కంపైల్ చేయడం మేలు. దాన్నీ విప్పి చదివే నిపుణులుంటారు, కానీ ఆ పని ఇంత తేలిక కాదు.

మరి పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి?

ఆ అబ్బాయి తర్వాత అడిగింది ఇదే. స్క్రిప్టులో మాత్రం కాదు, అది కంపైల్ చేసిందైనా సరే.

అన్నిటికంటే తేలికైన పద్ధతి, పాస్‌వర్డ్‌ను వేరే ఫైలులో పెట్టి, యజమాని తప్ప ఇంకెవరూ చదవకుండా సీహెచ్‌మోడ్ 600 అనుమతి ఇవ్వడం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు హోమ్ డైరెక్టరీలో .పీజీపాస్ అనే ఫైలు ఇందుకోసమే ఉంది. దాని అనుమతులు వదులుగా ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలును అసలు పట్టించుకోదు. ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ విషయంలోనూ అంతే. ఇతరులు చదవగలిగేలా ఉంటే ఎస్ఎస్‌హెచ్ దాన్ని వాడనంటుంది. ఈ టూళ్లను రాసినవాళ్లు మనకంటే ముందే మన గురించి ఆలోచించి పెట్టిన జాగ్రత్తలివి. మేము ఆ రోజు చేసింది కూడా ఇదే. స్క్రిప్టులోంచి పాస్‌వర్డ్ లైను తీసేసి, పీజీపాస్ ఫైలు పెట్టి, అనుమతులు సరిచేశాం. స్క్రిప్టు ఒక లైను తగ్గింది, ఇక ఎవరు చదివినా భయం లేదు.

పెద్ద సంస్థల్లో దీనికోసం వాల్ట్, ఏడబ్ల్యూఎస్ సీక్రెట్స్ మేనేజర్ లాంటివి ఉన్నాయి. నడిచే సమయంలో స్క్రిప్టు అక్కడికి వెళ్లి పాస్‌వర్డ్ అడిగి తెచ్చుకుంటుంది. ఎవరు ఎప్పుడు అడిగారో అక్కడ నమోదవుతుంది. పాస్‌వర్డ్ మారినా స్క్రిప్టును ముట్టుకోనక్కర్లేదు. ఒక యూజర్‌కు ఒక్క ఆదేశానికి మాత్రమే రూట్ అధికారం ఇవ్వాలంటే సుడో ఉండనే ఉంది. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో యూనివర్సిటీలో పుట్టిన ఆ చిన్న ప్రోగ్రాం ఇప్పటికీ రోజూ మన పని చేసిపెడుతోంది.

మన పిల్లలకు ఒక మాట

ఎడిసన్, డల్లాస్, అట్లాంటా, బే ఏరియా, ఎక్కడ చూసినా మనవాళ్లలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆరు నెలలకో ఏడాదికో క్లయింటు మారతాడు. రాసిన స్క్రిప్టు అందరికీ అర్థమైతే తన అవసరం తీరిపోతుందేమోనని కొందరికి భయం. వీసా, ఇంటి అద్దె, ఊళ్లో తీర్చాల్సిన అప్పు ఉన్నవాళ్లకు ఆ భయం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. దాన్ని చిన్నచూపు చూడను. కానీ కంపైల్ చేసి పెట్టిన స్క్రిప్టు ఉద్యోగాన్ని కాపాడదు. అమెరికా 1976 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిదే. కాంట్రాక్టరు రాసింది ఎవరిదో ఒప్పందంలో ఉంటుంది, చాలా ఒప్పందాల్లో అది క్లయింటుకే రాసి ఇస్తాం. పైగా మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది చాలాసార్లు మనలాగే కొత్తగా వచ్చిన ఇంకో కుర్రాడో అమ్మాయో. అర్ధరాత్రి ఆగిపోయిన బైనరీ ముందు కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే.

నేను చూసినంతలో, మళ్లీ పిలిచి పని ఇచ్చేది శుభ్రంగా రాసి, కామెంట్లు పెట్టి, వెళ్లేముందు అన్నీ అప్పజెప్పిన మనిషికే. కాబట్టి ఈ వ్యాసం చదివాక మీ సర్వర్ల మీద ఒక్క పని చేయండి. .ఎక్స్ అని చివర ఉన్న ఫైళ్లు, ఎవరు రాశారో తెలియని బైనరీలు రాత్రి షెడ్యూల్లో ఏమున్నాయో చూడండి. ప్రతిదానికీ సోర్స్ వెతకండి. దొరికినదాన్ని గిట్‌లో పెట్టండి. షెల్‌చెక్ అనే ఉచిత టూల్‌తో ఒకసారి పరీక్షించండి. అందులో పాస్‌వర్డ్ ఉంటే బయటికి తీసి, ఆ పాస్‌వర్డ్‌ను మార్చండి. ఎస్‌హెచ్‌సీతో కంపైల్ చేసినదైనా, చేయనిదైనా, స్క్రిప్టులో రాసిన పాస్‌వర్డ్ అందరికీ తెలిసిన పాస్‌వర్డే.